జొన్న రొట్టె విరగకుండా, సంగటి ఉండలు కట్టకుండా: నీళ్ల సంగతి

మీ అమ్మగారికి షుగరు ఉందని తెలిసిన దగ్గర నుంచి ఇంట్లో ఒక పూటైనా చిరుధాన్యాలు వండాలని నిర్ణయించుకున్నారు. కానీ జొన్న రొట్టె తడుతుండగానే అంచులు పగులుతున్నాయి, పెనం మీదికి ఎత్తబోతే మధ్యకు విరుగుతోంది. రాగి సంగటిలో పొడి పిండి ఉండలు మిగిలిపోతున్నాయి. కొర్రన్నం ఒకరోజు ముద్దగా, ఇంకొకరోజు పలుకుగా దిగుతోంది. పిల్లలేమో రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరుపుతున్నారు. ఇవీ మీరు రాసిన నాలుగు ఇబ్బందులు. మొదటి మూడింటికీ మూలం ఒక్కటే. వరి బియ్యానికి, గోధుమ పిండికి అలవాటుపడిన చేయి నీళ్లను ఏ వేడిలో, ఎంత కొలతలో, ఏ సమయంలో పోస్తుందో, ఈ ధాన్యాలకు కూడా అలాగే పోస్తోంది. నాలుగో ఇబ్బంది పక్కన వడ్డించే కూరకు సంబంధించినది. జొన్న రొట్టె గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే అది చేతికి వస్తే మిగిలినవి నేర్చుకోవడం కష్టం కాదు.

గోధుమ పిండిని చల్లటి నీళ్లతో కలిపినా సాగుతుంది. అందులో గ్లూటెన్ అనే మాంసకృత్తు నీరు తగలగానే జిగురు తీగల్లా అల్లుకొని పిండిని పట్టి ఉంచుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్న పిండిని కూడగట్టగలిగినది దానిలోని స్టార్చ్ ఒక్కటే, ఆ స్టార్చ్ సుమారు 70 డిగ్రీల వేడి దాటితే తప్ప నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారదు. అందుకే వేలు పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లు పోసి పిండి కలిపితే, ఎంతసేపు పిసికినా అది తడిసిన పొడిగానే ఉంటుంది, తట్టేటప్పుడు పగులుతుంది. నీళ్లు తెర్లుతూ ఉండాలి, పొయ్యి మీద నుంచి దించిన క్షణంలోనే పిండిలో పడాలి.

కొలత ఇలా పెట్టుకోండి. ఒక గ్లాసు జొన్న పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా మరిగించండి. వెడల్పైన పళ్లెంలో పిండి పోసి, మధ్యలో గుంట చేసి, మరుగుతున్న నీళ్లను ఆ గుంటలో పోసి, గరిటె కాడతో పిండిని నీళ్ల మీదికి తోస్తూ కలపండి. అప్పటికి అది ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. కంగారుపడి ఇంకా నీళ్లు పోయకండి. మూత పెట్టి పది నిమిషాలు వదిలేస్తే లోపలి ఆవిరికే స్టార్చ్ ఉబ్బుతుంది. తర్వాత పక్కన ఒక గిన్నెలో నీళ్లు పెట్టుకొని, చేయి తడుపుకుంటూ, అరచేతి మడమతో ముందుకు నెట్టి వెనక్కి మడుస్తూ పిసకాలి. మొత్తం పిండిని ఒకేసారి పిసికి పెట్టుకోవడం చపాతీల పద్ధతి. జొన్నకు అది పనికిరాదు, ఆగిన కొద్దీ ముద్ద ఆరి అంచులు చిట్లుతాయి. ఏ రొట్టెకు ఆ ముద్ద విడిగా తీసుకొని, తట్టబోయే ముందు రెండు మూడు నిమిషాలు గట్టిగా పిసికితే చాలు. ముద్దను బొటనవేలితో నొక్కి చూడండి: గుంట చుట్టూ పగుళ్లు వస్తే ఇంకా పిసకాలి, గుంట నున్నగా నిలిస్తే తట్టడానికి సిద్ధమైనట్లు.

తట్టేటప్పుడు పీట మీద పొడి పిండి ధారాళంగా చల్లండి. ముద్దను అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతూ బిళ్లగా చేసి, దాని అంచు ఎక్కడా చీలి ఉండకుండా వేళ్లతో సరిచేసిన తర్వాతే పీట మీద పెట్టాలి, ఎందుకంటే బిళ్ల అంచున ఉన్న చిన్న చీలికే రొట్టె పెరిగిన కొద్దీ పెద్ద పగులు అవుతుంది. కుడి అరచేయి తడుతుంటే ఎడమ చేయి అంచును ఆనుకొని ఉండాలి, ప్రతి దెబ్బకూ రొట్టె తనంతట తాను కొద్దిగా తిరగాలి. తిరగడం ఆగిందంటే అడుగున పిండి అయిపోయిందని అర్థం. అప్పుడు అంచు మెల్లగా లేపి ఇంకొంచెం పిండి చల్లాలి, చల్లకుండా అలాగే తడుతూ పోతే ఎత్తేటప్పుడు మధ్యకు విరుగుతుంది. చేయి తిరిగే వరకు అప్పడాల కర్రతో ఒత్తినా తప్పు లేదు. రొట్టె చిన్నదిగా, కాస్త మందంగా వచ్చినా పర్వాలేదు, ఇంట్లో వాళ్లు కమ్మగానే తింటారు.

పెనం ఇనుపదైతే మంచిది, పెద్ద మంట మీద బాగా కాలి ఉండాలి. పీటకు ఆనిన వైపు, అంటే పొడి పిండి అంటిన వైపు, పైకి వచ్చేలా రొట్టెను వేయండి. వేసిన వెంటనే తడి గుడ్డతో పైభాగమంతా నీళ్లు పూయాలి. ఈ తడి రెండు పనులు చేస్తుంది: అంటుకున్న పొడి పిండిని కడిగేస్తుంది, పైపొర ఎండి చిట్లకుండా కాపాడుతుంది. ఆ తడి పూర్తిగా ఆరకముందే, పైన ఇంకా కొద్దిగా మెరుపు ఉండగానే తిరగేయాలి. ఆలస్యమైతే పైపొర బిగుసుకుపోయి రొట్టె పొంగదు. రెండో వైపు మచ్చలు పడేదాకా కాలిన తర్వాత మళ్లీ తిప్పి, పొడి గుడ్డతో అంచులు నొక్కితే లోపలి ఆవిరికి పొరలు విడి రొట్టె పొంగుతుంది. నీరు, కాల్చే సమయం కుదిరితే నూనె చుక్క అక్కర్లేదు. రొట్టెలను వెదురు బుట్టలోనో, గుడ్డ పరిచిన గిన్నెలోనో పెట్టండి. వేడిగా ఉన్నప్పుడే మూత బిగించిన స్టీలు డబ్బాలో పెడితే ఆవిరి చెమ్మకు అడుగు రొట్టె తడిసి చిరుగుతుంది.

ఇంత చేసినా రొట్టె విరిగితే పిండిని అనుమానించండి. జొన్న పిండి పాతబడే కొద్దీ జిగి తగ్గుతుంది. ప్యాకెట్ పిండి మర పట్టి ఎన్ని నెలలైందో చాలాసార్లు మనకు తెలియదు, మీ కష్టంలో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం. జొన్నలు కొని, శుభ్రం చేసి, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే గిర్నిలో మెత్తగా పట్టించుకోండి. మీకంటే ముందు ఎవరైనా గోధుమలో మిరపకాయలో పట్టించారేమో అడిగి, మొదటి గుప్పెడు పిండి విడిగా తీయించండి. రొట్టెలకు రబీ పంట జొన్నలు అడగండి. నల్లరేగడి నేలల్లో వానాకాలం చివర విత్తి, నేలలో మిగిలిన తేమతోనే పండించే ఈ జొన్న గింజ పొడి వాతావరణంలో పండుతుంది కాబట్టి తెల్లగా, గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. వానాకాలపు జొన్న కంకి దశలో తడిస్తే గింజ నల్లబడి బూజు పడుతుంది. మాల్‌దండి అని పిలిచే ఎం 35-1 రకం రబీ జొన్న రొట్టెకు పేరు పొందినది. పచ్చ జొన్నలను నేను ఎక్కువగా రవ్వగా విరిపించి, అన్నంలా ఉడికించే గట్కకు వాడతాను, మజ్జిగతో వాటి రుచి వేరు.

ఇక రాగి సంగటి. ఇక్కడ వేడి సరిపోతుంది, ఎందుకంటే ఎలాగూ ఉడుకుతున్న ఎసట్లోనే పిండి వేస్తాం. తప్పు జరిగేది తొందరలో. పిండి వేయగానే గరిటె పెట్టి తిప్పుతారు. అలా తిప్పితే ప్రతి ముద్ద చుట్టూ పైపొర ఒక్కసారిగా ఉడికి జిగురుగా మూసుకుపోతుంది, లోపల పిండి పొడిగానే ఉండిపోతుంది. రాయలసీమ ఇళ్లలో చేసే పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అర గ్లాసు బియ్యాన్ని లేదా నూకలను కడిగి అరగంట నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లలో ఉప్పు వేసి అడుగు మందంగా ఉన్న గిన్నెలో మెత్తగా ఉడికించండి. మెతుకు వేళ్ల మధ్య నలిగిపోవాలి, పైన గంజి ఇంకా కదులుతూ ఉండాలి. అందులో నుంచి ఒక చిన్న గిన్నెడు గంజి తీసి పక్కన ఉంచుకోండి. ఇప్పుడు ఒక గ్లాసు రాగి పిండిని మధ్యలో గుట్టగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో గుట్ట మధ్యలో అడుగుదాకా ఒక రంధ్రం చేయండి. మంట తగ్గించి మూత పెడితే ఆ రంధ్రంలో నుంచి, గుట్ట చుట్టూ నుంచి గంజి పైకి ఉడుకుతూ పిండిని నిదానంగా తడుపుతుంది. ఏడెనిమిది నిమిషాలకు పైన తెల్లటి పొడి కనిపించకుండా గోధుమ రంగు వస్తుంది.

అప్పుడు స్టవ్ కట్టేసి, గిన్నెను కదలకుండా పట్టకారుతో పట్టుకొని, తెడ్డుతో గిన్నె గోడకేసి నొక్కుతూ బలంగా గెలకాలి. ఈ పనిలో బలం కావాలి, మొహమాటపడితే ఉండలు ఉండిపోతాయి. గట్టిగా అనిపిస్తే తీసిపెట్టిన గంజి కొద్దికొద్దిగా పోయండి, పచ్చి నీళ్లు మాత్రం పోయకండి, పోసిన చోట సంగటి విరిగినట్లు అవుతుంది. మళ్లీ రెండు నిమిషాలు సన్నని మంట మీద మగ్గించండి. తడి చేతితో ముట్టుకుంటే అంటకుండా ఉంటే ఉడికినట్లే. నెయ్యి రాసిన పళ్లెంలోకి తీసి, తడి చేత్తో ముద్దలు చేసుకోండి.

పిండి విషయంలో రెండు మాటలు. మార్కెట్లో రాగి మాల్ట్ పేరుతో అమ్మే మొలకెత్తించిన రాగుల పిండి సంగటికి పనికిరాదు. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైములు స్టార్చ్‌ను చిన్న చిన్న చక్కెరలుగా తెగ్గొడతాయి, కాబట్టి ఆ పిండి జావకు పలచగా, తియ్యగా బాగుంటుంది కానీ సంగటిలో ముద్ద నిలవదు. రెండోది, నున్నగా రావాలని రాగి పిండిని సన్న జల్లెడలో పట్టి పైన మిగిలిన పొట్టును పారేయకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బరువున్న పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. రాగిలోని ఆ కాల్షియంలో చెప్పుకోదగ్గ భాగం ఆ పొట్టులో ఉంటుంది. ఎదిగే పిల్లల కోసం రాగులు వండుతూ పొట్టు తీసేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

కొర్రలకు వేడి కంటే సమయం ముఖ్యం. గింజ చిన్నదిగా ఉంది కాబట్టి తొందరగా ఉడుకుతుందని అనుకుంటాం, కానీ పాలిష్ పట్టని కొర్ర గింజ మీద తవుడు పొర నీటిని లోపలికి తేలిగ్గా పోనివ్వదు. నానకుండా వండితే పైభాగం ఉడికి పగిలి ముద్దవుతుంది, మధ్యభాగం పలుకుగానే ఉంటుంది. మీకు ఒకరోజు అలా, ఒకరోజు ఇలా రావడానికి నానిన సమయంలో తేడాయే కారణమై ఉండాలి. రాత్రి భోజనానికి ఉదయమే, మధ్యాహ్నానికి ముందు రాత్రే నానబెట్టండి. కనీసం ఆరు గంటలు నానాలి. అండుకొర్రలకు ఇంకాస్త ఎక్కువ, సామలకు తక్కువైనా నడుస్తుంది. నానిన నీళ్లు వంచేసి, గ్లాసు కొర్రలకు కుక్కరులో అయితే రెండు గ్లాసులు, గిన్నెలో అయితే రెండున్నర గ్లాసుల నీళ్లు పోయండి. ఉడికిన తర్వాత పది నిమిషాలు మూత తీయకుండా మగ్గనిచ్చి, ఫోర్కుతోనో గరిటె అంచుతోనో పొడిపొడిగా విడదీయాలి. నానబెట్టే ముందు గాలించడం మరవకండి: గిన్నెలో నీళ్లు నింపి, గుండ్రంగా ఊపుతూ పైకి తేలిన గింజలను కొద్దికొద్దిగా మరో గిన్నెలోకి వంచితే ఇసుక, సన్నరాళ్లు అడుగున మిగులుతాయి. ఒక్క రాయి పంటి కింద పడితే పిల్లలు మళ్లీ ఆ అన్నం ముట్టరు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత ఈ గింజలు ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ కనిపిస్తున్నాయి, అది సంతోషించవలసిన విషయమే. అయితే చాలా ప్యాకెట్లలోని కొర్రలు, సామలు బియ్యంలాగే తెల్లగా పాలిష్ పట్టి ఉంటున్నాయి. పాలిష్ పట్టనివి కాస్త మసక రంగులో, గింజకూ గింజకూ ఛాయలో తేడాతో ఉంటాయి. మీ అమ్మగారి షుగరు కోసం కొంటున్నారు కాబట్టి ఈ తేడా చూసి కొనండి. హైదరాబాదులో ఉంటే రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ గురించి కూడా తెలుసుకోండి, ఈ ధాన్యాల ప్రాసెసింగ్ మీద అక్కడ చాలా పని జరిగింది.

పిల్లల సంగతికి వస్తాను. రోజూ వరి అన్నంలోకి చేసే కూరలే వీటికీ వడ్డిస్తున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. జొన్న రొట్టె పొడిగా ఉంటుంది, నోట్లో తడిని లాగేస్తుంది. దానికి నూనె తేలే చిక్కటి కూర కావాలి, బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు వంటివి దాని పక్కన అస్సలు నప్పవు. సంగటిని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. దానికి పలుచగా, కారంగా, పుల్లగా ఉన్నవి కావాలి. కొర్రన్నం చారును పీల్చుకోదు, చారు అడుగుకు జారి గింజ పైన మిగులుతుంది. దానికి ముద్దపప్పు, పెరుగు, పులిహోర పోపు బాగా పడతాయి.

రొట్టెలోకి వంకాయ కూర ఒకటి చెబుతాను. లేత నీలం వంకాయలను నాలుగు పక్షాలుగా, తొడిమ విడిపోకుండా కోసి, ఉప్పు నీళ్లలో వేయండి, లేకపోతే కోసిన చోట నల్లబడి వగరొస్తుంది. రెండు చెంచాల నువ్వులు, గుప్పెడు పల్లీలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క, చెంచా ధనియాలు విడివిడిగా దోరగా వేయించాలి. నువ్వులు చిటపటమనడం మొదలవగానే దించేయాలి, ఒక్క నిమిషం ఎక్కువైతే చేదెక్కుతాయి. వీటిని రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు, కారం, ఉప్పు, నిమ్మకాయంత చింతపండుతో కలిపి కాస్త బరకగా నూరి, వంకాయల్లో కూరండి. ఇక్కడ నూనెకు వెనకాడకండి. ఉల్లిపాయ వేగిన నూనెలో వంకాయలను అటూ ఇటూ తిప్పుతూ మూత పెట్టి మగ్గించి, తొక్క ముడుతలు పడిన తర్వాత మిగిలిన ముద్దను నీళ్లతో కలిపి పోయాలి. నూనె పైకి తేలి, గ్రేవీ గరిటెకు అంటేంత చిక్కగా అయినప్పుడు దించండి. పిల్లలకు కారం సగం చేసి, మొదటి రోజు రొట్టెను చిన్న ముక్కలుగా తుంచి ఆ గ్రేవీలో పావుగంట నానబెట్టి పెట్టండి. నానిన జొన్న రొట్టె మెత్తబడి తీపి బయటపెడుతుంది, రుచి మరిగిన తర్వాత వాళ్లే పొడి రొట్టె అడుగుతారు.

సంగటిలోకి పల్లీల పచ్చడి, గోంగూర పప్పు రెండూ కుదురుతాయి. గోంగూర పప్పులో ఒక జాగ్రత్త: ఆకును కందిపప్పుతో పాటు మొదటే వేసి ఉడికించకండి. పులుపు తగిలిన పప్పు తొందరగా మెత్తబడదు, కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా బద్ద బద్దగానే ఉంటుంది. పప్పు మెత్తగా ఉడికాక, నూనెలో విడిగా మగ్గించిన ఆకును కలిపి పప్పుగుత్తితో ఎనపండి. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ, కాబట్టి ఆకు కొంచెం తగ్గించుకోవాలి. తోటకూర, పాలకూర వేసినప్పుడు మాత్రం ఈ బెడద లేదు, చింతపండు చివర పోస్తే సరిపోతుంది. ఈ ధాన్యాల్లో ఉండే ఇనుము అంత సులువుగా ఒంటబట్టదు. పళ్లెంలో పచ్చి నిమ్మరసం పిండుకోవడం, తిన్న వెంటనే టీ తాగకుండా కొంత సమయం ఆగడం దానికి తోడ్పడతాయి.

సజ్జలు, అరికల గురించి మీరు అడగలేదు కానీ ముందుముందు కొంటారు కాబట్టి చెబుతున్నాను. సజ్జ గింజలో కొవ్వు ఎక్కువ, పిండి పట్టగానే అది గాలి తగిలి పాడవడం మొదలవుతుంది, వేసవిలో వారం పది రోజులకే చేదు వస్తుంది. గింజగా నిల్వ పెట్టుకొని వారానికి సరిపడా పట్టించుకోండి, లేదంటే పిండిని ఫ్రిజ్‌లో ఉంచండి. అరికలు తేమలో నిలవ ఉండి బూజు పడితే విషపూరితం కావచ్చు, తిన్నవాళ్లకు తల తిరగడం, మగత, వాంతులు వస్తాయి. ముక్కవాసన వస్తున్న అరికలను కడిగి, ఎండబెట్టి వండే ప్రయత్నం చేయకుండా పారేయండి.

అమ్మగారికి ఒకేసారి మూడు పూటలూ ఇవే పెట్టకండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరం వచ్చి, ఈ తిండి తనకు పడదని ఆవిడే వదిలేసే ప్రమాదం ఉంది. మొదటి వారం రాత్రి పూట రొట్టె, రెండో వారం నుంచి మధ్యాహ్నం కొర్రన్నం అలా పెంచండి. మెత్తటి పిండితో కాచిన జావ గింజ కంటే త్వరగా అరిగి షుగరును త్వరగా పెంచుతుంది కాబట్టి, ఆవిడకు రాగి జావ కంటే గింజ రూపంలో ఉన్న అన్నం, కూరతో తినే రొట్టె మేలు. చిరుధాన్యమైనా పరిమాణం లెక్కలోకి వస్తుంది, పళ్లెంలో సగం కూర ఉండేలా చూడండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసి, ఏ రోజు ఏం తిన్నారో పక్కన రాసి పెట్టండి. ఆవిడ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి, మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయనే చెబుతారు.